యాభై ఎనిమిది లేని జాబితా

నేను తెలివితక్కువవాణ్ణని ముందే తెలిసి ఉంటే జాగ్రత్తగా ఉండేవాణ్ణి. తెలివైనవాణ్ణని నలుగురూ అనడంతో వచ్చింది చిక్కు. ఆ నలుగురిలో మొదటివాణ్ణి నేనే కావడం ఇంకో చిక్కు.

ఇంతకీ నేను చేసిందల్లా, అంకెలు వేసి ఉన్న ఒక జాబితాను కంప్యూటర్లో గళ్ళ పట్టికగా మార్చడం. ఇందులో సిగ్గుపడాల్సిందేముందని మీ తరంవాళ్ళు అడుగుతారు. మీరు బస్సులో నిలబడి బొటనవేలితో ఇలాంటివి పది చేస్తారు. నాకు ఆ పనికి పట్టింది రెండు నిమిషాలు. సిగ్గుపడటం మాత్రం ఇరవై ఏళ్ళు దాటినా పూర్తి కాలేదు. రిటైరయ్యాక తీరిక దొరికింది కాబట్టి ఇప్పుడు ఇంకాస్త శ్రద్ధగా పడుతున్నాను.

కొత్త శతాబ్దం మొదలైన రోజులు. అమీర్‌పేటలో గోడలు కనపడేవి కావు, బోర్డులే కనపడేవి. మైత్రీవనం దగ్గర బస్సు దిగి రోడ్డు దాటేలోపు చేతిలో అరడజను కరపత్రాలు పడేవి. ఆ కరపత్రాల్లో ఒకటి మాది. మూడో అంతస్తులో మూడు గదుల కంప్యూటర్ శిక్షణ సంస్థ. మా డైరెక్టర్ గారిది మా కృష్ణా జిల్లాయే. లోయర్, హయ్యర్ టైపు పరీక్షలు రెండూ పాసైన నన్ను 'ఆపరేటర్'గా తీసుకున్నారు. మా ఇంట్లోవాళ్ళు నేను ఆస్పత్రిలో ఆపరేషన్లకు సాయం చేస్తున్నానని కొన్నాళ్ళు అనుకున్నారు. ఫలితాలను బట్టి చూస్తే వాళ్ళు మరీ తప్పుగా అనుకోలేదు.

ఆఫీసు గదిలో నాతో పాటు ఒక్కరే ఉండేవారు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. నేత పనివాళ్ళ ఇంటి ఆడపడుచు, సంస్థలో ఒక్క టైపు మిషను ఉన్న రోజుల నుంచి ఉన్నారు. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె తమ్మీ అనేది. అలా వరుసలు కలిశాయి. తర్వాత వరుసలు తప్పించింది నేనే.

అక్క కంప్యూటర్ మీద కూడా టైపు మిషను మీద కూర్చున్నట్టే కూర్చునేది. జాబితా కొట్టాలంటే ముందు పొడుగు రిజిస్టరులో స్కేలు పెట్టి గీతలు గీసి, చేత్తో రాసుకుని, దాన్ని చూస్తూ కొట్టేది. మీకు తెలిసే ఉంటుంది, ఒకటి అని వేసి పేరు కొట్టి ఎంటర్ నొక్కితే కింద రెండు దానంతటదే వస్తుంది. అక్క దాన్ని వెంటనే చెరిపేసి, మళ్ళీ తన చేత్తో రెండు కొట్టేది.

"వచ్చిన అంకెను చెరిపి అదే అంకె కొడతావేంటక్కా?" అని నేను నవ్వేవాణ్ణి.

"నేను కొట్టని అంకె నా కాయితం మీద ఎందుకుండాలె తమ్మీ? గా అంకె ఎవలదో ఏమో. రేపు అడిగితే నేనే కద జవాబు చెప్పాలె."

ఆ మాటను నేను మా సంస్థలో చదివే పిల్లలకు జోకుగా చెప్పి నవ్వించేవాణ్ణి. ఇప్పుడు అదే మాట జోకుగా చెబితే నాకొక్కడికే నవ్వు రాదు.

ఆ ఏడాది పంజాగుట్టలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మా దగ్గర పరీక్ష పెట్టింది. రాసినవాళ్ళు నూటనలభై మంది, తీసుకునేది పన్నెండు మందిని. పేర్లు కనపడితే సిఫారసులు మొదలవుతాయని వాళ్ళ పద్ధతి ఒకటుంది: జవాబు పత్రం మీద నంబరు తప్ప పేరు ఉండకూడదు. ఏ నంబరు ఎవరిదో మా దగ్గరి జాబితాలో మాత్రమే ఉంటుంది. నంబరు చీటీలు అక్కే రాసి పంచింది. జాబితా అక్కే కొట్టింది. డైరెక్టర్ గారు దాన్ని చూసి మొహం చిట్లించారు.

"ఏంటండీ ఇది, కిరాణా కొట్టు చిట్టాలా ఉంది? కంప్యూటర్ సంస్థలో ఉండాల్సిన కాయితమా? గళ్ళు గళ్ళుగా, నీటుగా ఉండాలి."

"రెండు దినాలు ఇయ్యుండ్రి సార్, గీతలు గీసి ఇస్త," అంది అక్క.

నేను లేచాను. లేవకుండా ఉండాల్సింది. "రెండు రోజులెందుకు సార్, రెండు నిమిషాలు చాలు."

ఆ వారమే ఫుట్‌పాత్ మీద కొన్న లావుపాటి పుస్తకంలో ఆ విద్య నేర్చుకున్నాను. పక్క గదుల్లోని ఫ్యాకల్టీ కూడా చూడటానికి వచ్చారు. అక్క కొట్టిన పాఠ్యమంతా ఎంచుకుని, మెనూలో పట్టికగా మార్చమని ఆజ్ఞ ఇచ్చాను. నూటనలభై పేర్లు ఒక్క క్షణంలో గళ్ళలోకి వెళ్ళి బుద్ధిగా కూర్చున్నాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆపి ఉంటే ఈ కథ లేదు. కానీ అక్క అంకెలు నా కంటికి ఎగుడుదిగుడుగా అనిపించాయి. కొన్నిటి పక్కన చుక్క, కొన్నిటి పక్కన బ్రాకెట్టు. మొదటి నిలువు గడులన్నీ ఎంచుకుని, ఆమె వేసిన అంకెలన్నీ ఒక్క దెబ్బకు తుడిచేశాను. నంబర్లు వేసే బటన్ నొక్కాను. ఒకటి నుంచి నూటనలభై దాకా సైన్యంలా నిలబడ్డాయి.

"తమ్మీ, జర ఆగు. నా నంబర్లు ఎందుకు తీసినవ్? అవి గట్లనే ఉండాలె," అంది అక్క.

"అక్కా, నీ చివరి నంబరెంత?"

"నూటనలభై."

"నాదీ నూటనలభయ్యే. ఇంక ఫికర్ ఎందుకు?"

అందరూ నవ్వారు. మొదటి పేజీ చూశాను, సరిపోయింది. చివరి పేజీ చూశాను, సరిపోయింది. మధ్య పేజీలు చూడటం తెలివితక్కువవాళ్ళు చేసే పని అనుకున్నాను. డైరెక్టర్ గారు నా భుజం తట్టి, "వచ్చే నెల నుంచి నువ్వే ఆఫీస్ కోర్సు పాఠాలు చెప్పు," అన్నారు. ఆపరేటర్ నుంచి సార్ అవుతున్నానన్నమాట. ఆ రోజు మెట్లు దిగుతుంటే కాళ్ళు మెట్లకు తగల్లేదు.

వారానికి కంపెనీ నుంచి ఫ్యాక్స్ వచ్చింది. పన్నెండు నంబర్లు. నా పట్టికలో చూసి ఆ నంబర్లకు పేర్లు కలిపి, చిన్న పట్టిక చేసి నోటీసు బోర్డుకు అంటించాను. మర్నాడు మధ్యాహ్నం ఒక అమ్మాయి చీటీ పట్టుకుని ఆఫీసు గదిలోకి వచ్చింది.

"సార్, బోర్డు మీద అరవై మూడు ఉంది. నా చీటీ అరవై మూడు. పక్కన పేరు మాత్రం వేరే అబ్బాయిది."

పట్టిక తీశాను. ఆమె పేరు అరవై రెండు దగ్గర ఉంది. "మీది అరవై రెండమ్మా. చీటీ రాసినప్పుడు రెండు మూడై ఉంటుంది."

అక్క తన బల్ల దగ్గర నుంచి లేచింది. "నేను గట్ల రాయ. రిజిస్టర్ ఉన్నది, చూడుండ్రి."

ఆ చప్పుడుకు డైరెక్టర్ గారు తలుపు దగ్గరికి వచ్చారు. నా వైపు చూసి, "ఏంటయ్యా, పట్టికలో ఏమన్నా తేడా ఉందా?" అన్నారు.

"లేదు సార్. కంప్యూటర్ వేసిన నంబర్లు. తేడా ఉంటే చేతిరాతలోనే ఉండాలి."

"అయితే రిజిస్టర్ ఎందుకు, అదీ చేతిరాతే కదా," అని ఆయన వెళ్ళిపోయారు.

ఆ అమ్మాయి వెళ్ళలేదు. "సార్, ఇంకోసారి చూడండి. నేను సోమాజిగూడలో ఆస్పత్రి రికార్డుల సెక్షన్లో పనిచేసి, ఈ కోర్సు కోసం మానేశాను. మళ్ళీ వస్తావా అని అడుగుతున్నారు. రేపు పన్నెండు లోపల చెప్పాలి. రెండేళ్ళ బాండు సార్, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే పెట్టుకుంటారు. ఇక్కడ రాలేదని మీరు ఖాయంగా చెబితే నేను వెళ్ళి సంతకం పెడతాను."

"ఖాయంగానే చెప్తున్నానమ్మా," అన్నాను.

ఖాయం అనే మాటను ఆ తర్వాత నేను పెద్దగా వాడలేదు.

సాయంత్రం అక్క వెళ్ళిపోయింది. రిజిస్టరు బల్ల మీదే ఉంది. ఆమెది తప్పని రుజువు చేసుకుంటే మనసు కుదుటపడుతుందని తెరిచాను. యాభై ఏడు తర్వాత యాభై తొమ్మిది ఉంది. మధ్యలో గీత గీసి, ఎర్ర సిరాతో: 'ఐదూ ఎనిమిదీ కలిపితే పదమూడు, కలిసిరాదు అన్నడు. వద్దన్నడు. 91-ఎ ఇచ్చిన.' పేజీ తిప్పితే తొంభై ఒకటి కింద, తొంభై రెండుకు పైన, బుద్ధిగా తొంభై ఒకటి-ఎ.

ఇదీ సంగతి. ఒక పిల్లాడు పదమూడుకు భయపడి నంబరు మార్చుకున్నాడు. ఇంటి నంబర్లకే ఎ, బి, బై నంబర్లు తగిలించుకునే ఊరు మనది. అక్క అదే పద్ధతిలో అతనికి చోటు చూపించింది. కంప్యూటర్‌కు ఖాళీ అంటే తెలియదు, ఎ అంటే తెలియదు. యాభై ఎనిమిది ఖాళీలోకి యాభై తొమ్మిదిని జరిపింది, అక్కడి నుంచి అందరినీ ఒక్కో మెట్టు పైకి నెట్టుకుంటూ పోయి తొంభై ఒకటి దగ్గర లెక్క సరిచేసుకుంది. మొదలు సరి, చివర సరి, మొత్తం సరి. మధ్యలో ముప్పై ముగ్గురికి పక్కవాళ్ళ నంబర్లు. ఎంపికైన పన్నెండు నంబర్లలో ఆ ముప్పై ముగ్గురి మధ్య పడింది ఒక్కటే. అరవై మూడు.

రిజిస్టరు మూసేసి, అది ఎలా ఉందో అలాగే, కోణం కూడా మారకుండా పెట్టాను. అప్పుడే నా సంగతి నాకు తెలిసి ఉండాల్సింది.

మర్నాడు పొద్దున పది గంటలకు, టీకి వెళ్ళొస్తానని చెప్పి బయల్దేరాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిచాను. ఏం చెప్పాలో దారంతా నోట్లో కూర్చుకున్నాను. 'అరవై మూడు మీదేనమ్మా. సంతకం పెట్టకండి.' ఐదే మాటలు. పంజాగుట్ట చౌరస్తాలో ఆగాను. అక్కడి నుంచి సోమాజిగూడ పది నిమిషాలు. ఇరానీ హోటల్లో టీ చెప్పాను. టీ తాగుతుంటే ఐదు మాటలకూ తోడు ఇంకో ఐదు వచ్చాయి: 'మరి నిన్న ఖాయమన్నారు కదా, సార్?' ఆమె గొంతుతోనే వినపడింది. ఆ 'సార్' దగ్గరే నేను ఆగిపోయాను. వచ్చే నెల నుంచి వంద మంది నన్ను సార్ అనబోతున్నారు. ఇంకో టీ చెప్పాను. పదకొండున్నర అయింది. లేచి, వచ్చిన దారినే వెనక్కి నడిచాను.

మీరు నా నుంచి నేర్చుకోవాల్సింది ఏదన్నా ఉంటే అది పట్టికల గురించి కాదు. పొరపాటు చేయడానికి రెండు నిమిషాలు పట్టింది. దాన్ని తప్పుగా మార్చడానికి నాకు రెండు టీలు పట్టాయి.

నిజం మూడో రోజున దానంతటదే బయటపడింది. బోర్డు మీద పేరు ఎక్కిన కుర్రాడు, అంటే అసలు అరవై నాలుగు, కంపెనీకి వెళ్ళి చేరేటప్పుడు తన చీటీ చూపించాడు. "మీరు అరవై మూడు అంటున్నరు, నా దగ్గర అరవై నాలుగున్నది సార్, తర్వాత లొల్లి కావద్దు," అన్నాడట. వచ్చిన ఉద్యోగం పోతుందని తెలిసీ చూపించాడు. నాకు పదిహేనేళ్ళు చిన్నవాడు. కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. అక్క రిజిస్టరు అప్పుడు తెరిచారు. డైరెక్టర్ గారు ఎర్ర సిరా చదివి, నన్ను తన గదిలోకి పిలిచి తలుపేశారు.

"నీకు తెలుసా?"

"మొన్న సాయంత్రం నుంచి తెలుసు సార్."

నేను ఆశించిన తిట్లు రాలేదు. ఆయన కిటికీలోంచి ఎదుటి బోర్డులు చూశారు. "మనం అమ్మేది కంప్యూటర్ పాఠాలయ్యా. కంప్యూటర్లో మనవాడే తప్పు చేశాడని మనమే రాసిస్తే పైన కింద ఉన్న సంస్థలన్నీ పండగ చేసుకుంటాయి. చేతిరాతలో పొరపాటు అని కంపెనీకి ఉత్తరం రాయి. ఆవిడ పాత మనిషి, ఎవరూ పెద్దగా అనుకోరు."

రాశాను. 'చేతితో రాసిన చీటీలలో జరిగిన పొరపాటు వలన' అని మొదలుపెట్టి, ఒక చిన్న పట్టిక కూడా జతచేశాను, పాత నంబరు, సరైన నంబరు అని. అలవాటైన చెయ్యి కదా. బయటికి వెళ్ళే ప్రతి ఉత్తరం అక్క బల్ల మీద నుంచే వెళ్ళాలి, ఆమే కవరులో పెట్టాలి. అది కూడా నాకు అప్పుడు తట్టలేదు.

ఆమె ఉత్తరం మొత్తం చదివింది. వేలితో ఒక్కో లైను వెంట పోయి చదివింది. మడిచి, కవరులో పెట్టి, అంటించింది.

"మంచిగ కొట్టినవ్ తమ్మీ. ఒక్క తప్పు సుత లేదు."

ఆ నెలాఖరుకు మానేసింది. ఎవరూ మానెయ్యమనలేదు, ఎవరూ ఉండమనీ అనలేదు. ఉండమననివాళ్ళ జాబితాలో నేను కూడా ఉన్నాను.

కంపెనీవాళ్ళు మంచివాళ్ళు. అసలు అరవై మూడుకు కబురు పంపారు. అప్పటికే ఆమె సంతకం పెట్టి రెండు రోజులైంది, సర్టిఫికెట్లు ఆస్పత్రి బీరువాలో ఉన్నాయి. తర్వాతి బ్యాచ్‌లో చూద్దామన్నారు. మరుసటి ఏడాది అమెరికాలో కంపెనీలు మూతపడటం మొదలై, అమీర్‌పేటలో సగం బోర్డులు దిగిపోయాయి. తర్వాతి బ్యాచ్ అనేదే రాలేదు.

నేను సార్‌నయ్యాను. పట్టికల పాఠం నా ప్రత్యేకత అని పేరొచ్చింది. ఏడాది తర్వాత ఒక పని మీద పంజాగుట్ట సందులోకి వెళితే అక్క కనిపించింది. జిరాక్సు షాపులో ఒక మూల జాబ్ టైపింగ్ చేసుకుంటోంది. ఎదురుగా స్టూలు లాక్కుని మొత్తం చెప్పాను, టీలతో సహా. ఆమె కొడుతున్న పేజీ ఆపలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్? నాకు గా దినమే ఎరుక. గా పిల్లకు చెప్పినవా?"

చెప్పలేదన్నాను.

"మరి ఈడ కూసున్నవేంది?"

లేచి వెళ్ళాను. ఈసారి చౌరస్తాలో ఆగలేదు. రికార్డుల కౌంటర్ వెనక ఆ అమ్మాయి ఉంది, నన్ను గుర్తుపట్టింది. నేను కూర్చుకున్న మాటలన్నీ చెప్పాను. కౌంటర్ ముందు పది మంది క్యూలో ఉన్నారు, వాళ్ళూ విన్నారు. ఆమె నేను ఆగేదాకా ఆగింది.

"ఆ రోజు పన్నెండింటి దాకా గేటు దగ్గరే నిలబడ్డాను సార్. ఎందుకో ఎవరన్నా వస్తారనిపించింది." అంతే అని, నా వెనకాయన కాయితం అందుకుంది.

ఇంతకంటే ఈ కథలో నాకు గౌరవం తెచ్చే భాగం లేదు. మిగిలింది ఒక చిన్న కసి తీర్చుకోవడం, అదీ చాలా ఆలస్యంగా.

కొన్నేళ్ళకు అమీర్‌పేట మళ్ళీ పుంజుకుంది. డైరెక్టర్ గారు సంస్థ తరఫున సొంత పాఠ్యపుస్తకం వేద్దామన్నారు. రాసింది నేను, అట్ట మీద ఫొటో, రచయిత పేరు ఆయనవి. ఆ రోజుల్లో అది మామూలే, నేనూ ఏమీ అనుకోలేదు. అచ్చుకు వెళ్ళే ముందు ఆయన అట్టను మూడుసార్లు మార్పించారు. లోపల ఒక్క పేజీ తెరవలేదు. పట్టికల పాఠం చివర, అభ్యాసంలో ఒక ప్రశ్న పెట్టాను: 'ఒక ఉద్యోగిని చేతితో నంబర్లు వేసి జాబితా తయారుచేసింది. అందులో ఒక నంబరు ఖాళీ, ఒక నంబరుకు ఎ ఉంది. ఆపరేటర్ ఆ నంబర్లు తుడిచి కంప్యూటర్ నంబర్లు వేశాడు. ఒకరి ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది. తప్పు ఎవరిది?' జవాబు పుస్తకం చివరి పేజీలో.

కొత్త బ్యాచ్ మొదలయ్యే సోమవారం, ఉచిత డెమో క్లాసు డైరెక్టర్ గారే చెప్పేవారు. ఆ రోజు గది నిండిపోయి పిల్లలు గోడల వెంట నిలబడ్డారు. నేను వెనక తలుపు దగ్గర ఉన్నాను. ఆయన పుస్తకం పైకెత్తి చూపించి, "ఇది నా పాతికేళ్ళ అనుభవం," అన్నారు. ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ముందే కొని చదువుకుని వచ్చినట్టుంది.

"సార్, పట్టికల పాఠంలో నాలుగో ప్రశ్న. అది మీకు నిజంగా జరిగిందా సార్?"

ఆయన పేజీ తిప్పారు. చదివారు. చదువుతున్నకొద్దీ మొహం ఎర్రబడటం వెనక తలుపు దాకా కనిపించింది. తలెత్తి నా కోసం వెతికారు. నేను ఎక్కడికీ పోలేదు.

"జవాబు చెప్పండి సార్," అన్నాడు గోడ పక్కనున్నవాడు.

వంద మంది చూస్తున్నారు. పుస్తకం ఆయనది. చివరి పేజీ తెరిచి, అక్కడున్నది చదవడం తప్ప ఆయనకు ఇంకో దారి లేకపోయింది. "తప్పు ఆపరేటర్‌ది. తెలిసి కూడా దాచిన సంస్థది. చేతితో రాసిన ఉద్యోగినిది కాదు."

నలభై పెన్నులు ఒకేసారి కదిలాయి. ముందు వరస అమ్మాయి తలెత్తి, "కొంచెం మెల్లగా సార్, రాసుకుంటున్నాం," అంది.

ఆయన గొంతు సవరించుకుని, రెండోసారి, మాట మాటకూ ఆగుతూ చెప్పారు.